నీళ్ళలోంచి పిలిస్తే

మా దీవికి రావాలనుకునేవాళ్ళు ముందుగా ఫోన్లో ప్రశ్నలు పంపుతారు. వాటిని చదవాలంటే చర్చి వెనక గుట్ట ఎక్కాలి, సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. మోకాళ్ళు పట్టేసేలా ఎక్కి చూస్తే ఎప్పుడూ అవే ప్రశ్నలు. నీళ్ళు ఎంత లోతు దాకా కనిపిస్తాయి? సొరచేపలు ఉంటాయా, ఉంటే కరుస్తాయా? గదిలో ఫ్యాను ఉందా? వేరే టూరిస్టులు ఎక్కువగా వస్తారా? ఈ చివరి ప్రశ్నకి నాకు భలే నవ్వొస్తుంది. తాను తప్ప ఇంకెవరూ రాని చోటు ప్రతివాడికీ కావాలి. అమావాస్యకి నీళ్ళు ఎటు లాగుతాయని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

రెనాటా కొంచెం వేరుగా అడిగింది. ప్రాగ్ నుంచి రాసింది. సముద్రంలో మునిగి చేపల్ని చూడడానికి మూడు దీవుల్లో ఒకటి ఎంచుకోవాలట. ఒకదాంట్లో పెద్ద హోటలుంది, రెండోదాని చుట్టూ ఎప్పుడూ పడవలే, మా హతుమేరా గురించి మాత్రం ఎక్కడ వెతికినా ఏమీ దొరకడం లేదు. "నాకు చేపలతో పాటు అక్కడి మనుషుల జీవితం కూడా అర్థం కావాలి" అని చివర్లో ఒక ముక్క రాసింది.

నేనైతే ఓడ వచ్చే రోజులు, భోజనంలో ఏం పెడతామో రాసి ఊరుకునేదాన్ని. ఆ రోజు గుట్ట ఎక్కింది మా తమ్ముడు ఎలిఫాస్. ఏదో ఘనకార్యం చేసినవాడిలా ఈల వేసుకుంటూ దిగొచ్చాడు.

"'మా నీళ్ళు మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తాయి' అని రాసి పారేశానక్కా. చూస్తూండు, మిగతా రెండు దీవులూ గల్లంతే."

"నీ మొహం. దెయ్యాల కొంపనుకుని అసలు రావడమే మానేస్తుంది."

"భలేదానివే. దెయ్యం ఒక్కటైనా లేకపోతే అంత దూరం నుంచి ఎందుకొస్తారు చెప్పు? సొరచేపలు అందరి దగ్గరా ఉన్నాయి."

వాడన్నట్టే అయింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది, మీ దీవినే ఎంచుకున్నానని.

వాడు రాసినదాంట్లో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. హతుమేరాలో పిల్లలకి ఈత రాకముందే ఒక మాట నేర్పుతారు. నీళ్ళ మీద ఉండగా, వానలోనో మంచులోనో, మనిషి కనపడకుండా నీ పేరు వినపడితే పలకొద్దు. నీళ్ళకి ఏ గొంతైనా వస్తుంది, మునిగిపోయినవాడి గొంతు మరీ బాగా వస్తుంది. ఇది సగం మాట. మిగతా సగం ఏమిటంటే, పలకకుండా తెడ్డు తీసి పడవ అంచు మీద రెండు దెబ్బలు వేయాలి. ఎవరి బిడ్డవు అని దానర్థం. అవతల ఉన్నది మనిషే అయితే తన తల్లి పేరు అరుస్తాడు. ఆ పేరు వినపడిందా, ఇక ఆలోచించేది లేదు, పడవ అటు తిప్పుకుని పోయి ఎక్కించుకోవాల్సిందే. "నీళ్ళకి అన్నీ ఉన్నాయే, అమ్మే లేదు. అమ్మ పేరు అడిగితే దాని నోరు పడిపోతుంది" అనేది మా అమ్మ.

అందుకే మా ఊళ్ళో ఎవరి తల్లి పేరైనా అందరికీ తెలుసు. మా అమ్మ పేరు దోర్తియా. ఎలిఫాస్ చిన్నప్పుడు మా ఇంటి ముందున్న పడవల రేవు చెక్కల మీంచి నీళ్ళలోకి దూకిన ప్రతిసారీ "దోర్తియా!" అని ఊరంతా వినిపించేలా అరిచి మరీ దూకేవాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే "ఆఁ, ఉన్నాన్రా, పైకి రా!" అని కేకేసేది. ఇది రోజుకి ఎన్నిసార్లో చెప్పలేను. అమ్మకి విసుగు రాలేదు, వాడికి సిగ్గూ రాలేదు.

మా నాన్న సముద్రం మీదే పోయాడు. ఆ తర్వాత అమ్మ వాణ్ణి వల ముట్టుకోనివ్వలేదు. వాడేమో ఆంబోన్ పట్నం పోయి, గాలి సిలిండరు కట్టుకుని మునగడం, మునిగేవాళ్ళని వెంటబెట్టుకుని తిప్పడం నేర్చుకొచ్చాడు. "చేపల్ని పట్టొద్దన్నావు కదే అమ్మా, ఊరికే చూసొస్తున్నానంతే" అన్నాడు. అమ్మకి నవ్వాలో చీపురు తియ్యాలో తెలియలేదు. అప్పట్నుంచి వాడు నీళ్ళలో ఉన్నంతసేపూ అమ్మ వరండాలో కూర్చుని, బాదంలాంటి గట్టి కెనారి కాయలు రాతితో పగలగొడుతూ ఉంటుంది. వాడు వచ్చి వంటింట్లో పళ్ళెం చప్పుడు చేస్తేనే రాయి కింద పెడుతుంది. అమ్మకి ఈ లోకంలో ఉన్న భయమంతా ఆ ఒక్కడి గురించే. నాకూ అంతే, పైకి ఎంత తిట్టినా.

రెనాటా వచ్చినప్పుడు గాలులు తగ్గి సముద్రం చాప పరిచినట్టు ఉంది. మనిషి పొడుగు, నెమ్మది. మా మలయ్ భాషని పుస్తకాలు పెట్టుకుని నేర్చుకుందట, అచ్చం పుస్తకంలాగే మాట్లాడేది. మా పడవ తోలే మెల్కీ బాబాయ్ మొదటి రోజే చెవులు కొరికాడు, "ఏమే యాకొమినా, ఈ పిల్ల మన పాస్టరుగారి కంటే పెద్ద ప్రసంగం చేసేట్టుందే" అని.

ఏది చెప్పినా వినేది, విన్నది మరిచిపోయేది కాదు. బంకలా సాగే సగ్గు జావని పుల్లలకి చుట్టి మింగడం ఒక్క పూటలో పట్టేసింది. మిరపకాయ, నిమ్మరసం కలిపిన పచ్చడి కళ్ళ నీళ్ళు కారుతున్నా వదల్లేదు. ఎండేసిన వలని దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళేది. పడవలో ఈల వేస్తే గాలి లేస్తుందని ఎవరో చెప్పారు. ఒకరోజు బాబాయ్ ఇంజను దగ్గర కూర్చుని తన మానాన తను కూనిరాగంలోంచి ఈలలోకి దిగాడు.

"మెల్కీ గారూ, పడవలో ఈల వేయుట నిషిద్ధము కదా?" అంది రెనాటా.

ఆయన నోరు వెళ్ళబెట్టి, "అవునమ్మా తల్లీ, మర్చేపోయా" అన్నాడు. ఆ సాయంత్రమంతా రేవులో అదే వేళాకోళం. నేనూ నవ్వాను కానీ నాకెందుకో నచ్చలేదు. మేం మా నియమాల్ని నడుముకి కట్టుకున్న లుంగీలాగా వాడుకుంటాం, ఒకప్పుడు బిగిస్తాం, ఒకప్పుడు వదులు చేస్తాం. ఆవిడ వాటిని గాజు గిన్నెలా రెండు చేతులా పట్టుకుని తిరిగేది. ఎక్కడ జారిపడుతుందోనని మాకు కూడా ఒళ్ళు బిగుసుకునేది.

అమ్మ పక్కన కూర్చుని కాయలు కొట్టడం కూడా నేర్చుకుంది. అమ్మని "అమ్మగారూ" అని పిలిచేది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర రెనాటాయే ఆ మాట ఎత్తింది. "ఎలిఫాస్ గారూ, నేను ఈ దీవిని ఎంచుకొనుటకు కారణము మీరు వ్రాసిన ఆ వాక్యమే. నీళ్ళు పేరు పెట్టి పిలుచుట అనగా ఏమి?"

వాడికి కావాల్సిందీ అదే. దీపం వత్తి తగ్గించాడు, గొంతు కూడా తగ్గించాడు. సగం మాట చెప్పాడు, దానికి తోకలు తగిలించాడు. "అప్పుడే మునిగినవాడి గొంతుతో పిలుస్తుందండీ. వాడు మునిగిన చోటు నుంచి కాదు, మీ వెనక నుంచి. మీరు పలికారా, తిరిగి చూశారా, ఇక మీరు దాని మనిషే. చెవిన పెట్టకుండా ఇంజను వేసుకుని ఒడ్డుకి వచ్చెయ్యడమే."

"మీరు పిలిచిననూ?"

"నేను పిలిచినా సరే" అన్నాడు నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. వరండాలో కాయల పెంకులు ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగింది.

"సగం మాట చెప్పకురా" అంది అమ్మ బయటి నుంచి.

"మిగతా సగం రేపు చెప్తాలే అమ్మా."

వంటింట్లో పళ్ళేలు కడుగుతూ వాణ్ణి పట్టుకున్నాను. "ఆ రెండో సగం మన తాతొచ్చి చెప్తాడేంట్రా?"

"అది చెబితే ఇంకేముందక్కా? తెడ్డు కొట్టు, అమ్మ పేరడుగు, పోయి ఎక్కించుకో. చప్పగా ఉంటుంది. ఆ భయంతోనే వెళ్ళనీ. వాళ్ళ ఊళ్ళో పదిమందికి చెప్పుకుంటుంది, ఆ పదిమందీ మన ఇంటికే వస్తారు."

మర్నాడు వాడు చెప్పలేదు. ఆ మర్నాడు కూడా చెప్పలేదు. పొద్దున్నే మునగడం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం కబుర్లు, అలా రోజులు గడిచిపోయాయి.

రెనాటా సోమవారం ఓడెక్కాలి. ఆదివారం ఆఖరి మునక నల్లముక్కు వెనకాలే కావాలంది. నల్లముక్కు అంటే మా దీవికి పడమటి కొస, నల్లటి రాయి సముద్రంలోకి పొడుచుకు వస్తుంది. దాని వెనక పగడాల గోడ నిలువునా దిగిపోతుంది. అక్కడ చేపలు ఎక్కువే, నీళ్ళ లాగుడూ ఎక్కువే. నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలైతే ఏది దొరికితే దాన్ని నడి సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది.

మెల్కీ బాబాయ్ చర్చి పెద్దల్లో ఒకడు. పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని రేవు దాకా వచ్చి చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఆదివారం నేనూ రాను, నా ఇంజనూ రాదు. అది కూడా ప్రార్థన చేసుకుంటుంది."

"ఇంజను నాకివ్వు బాబాయ్, నువ్వు పోయి దాని తరపున కూడా చేసుకో. ఆవిడకి తోలడం నువ్వే నేర్పావుగా."

"సరదాకి నేర్పాన్రా గాడిదా. నువ్వు మునిగితే పైన ఎవడుంటాడు?"

"ఇద్దరం కలిసి దిగుతాం, కలిసి ఎక్కుతాం. లంగరు వేసుకుంటాంగా. నువ్వు రెండో పాట అందుకునేలోపు వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటా, చూస్తూండు."

అమ్మ వరండాలోంచి ఎదురు దీవి వైపు చూస్తోంది. ఆ కొండ నెత్తిన మబ్బు కూర్చుని ఉంది. "కొండ టోపీ పెట్టిందిరా. పైగా అమావాస్య నీళ్ళు. వద్దు."

"ఆవిడ రేపు వెళ్ళిపోతుందమ్మా. ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోతే ఏం బావుంటుంది?"

"మీ నాన్న కూడా ఏదో బావుండదనే వెళ్ళాడు."

వాడు నిలబడే సగ్గు జావ మింగాడు, అమ్మ భుజం మీద గడ్డం ఆనించాడు, అమ్మ విదిలించేసింది. రెనాటా ఇంకా గదిలో సామాను సర్దుకుంటోంది. వాడు రేవు చివరిదాకా పోయి, చిన్నప్పటిలాగే రెండు చేతులూ ఎత్తి, "దోర్తియా!" అని అరిచి పడవలోకి దూకాడు. పడవ తూగింది. అమ్మ వైపు చూసి పళ్ళికిలించాడు.

అమ్మకి కోపం దిగలేదు. పలకలేదు.

నేను చర్చికి వెళ్ళాను. అమ్మ రాలేదు, వాడు నీళ్ళలో ఉంటే అమ్మ వరండా కదలదు. పాటల బృందంలో నా చోటు కిటికీ పక్కన, సముద్రం కనిపిస్తుంది. ప్రసంగం మధ్యలో చల్లటి గాలి వచ్చి పాటల పుస్తకాల పేజీలు తిరిగాయి. తర్వాత రేకుల మీద వాన పడింది. మా చర్చిలో వాన పడితే పాస్టరుగారి నోరు కదలడమే కనిపిస్తుంది తప్ప మాట వినపడదు. మామూలుగా పిల్లలు నవ్వుతారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, అందరి తలలూ కిటికీ వైపే. అక్కడ సముద్రం లేదు. తెల్లటి గుడ్డ కట్టినట్టు ఉంది. మెల్కీ బాబాయ్ నా వైపు చూసి కళ్ళు దించేసుకున్నాడు. వెనక బల్ల ఖాళీగానే ఉంది.

ఆ వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా ఆగింది. నిశ్శబ్దంలో ఇంజను చప్పుడు వినిపించింది. మా పడవదే, ఆ దగ్గు నాకు తెలుసు. ఒక్కసారి ఊపిరి వచ్చినట్టయింది. వాణ్ణి ఏమేం తిట్టాలో వరసగా అనుకుంటూ మెట్లు దిగి రేవు వైపు పరుగెత్తాను. బాబాయ్ నా వెనకే వచ్చాడు.

పడవలో ఒక్క మనిషే ఉంది.

రెనాటా నేర్పినట్టే ఇంజను ఆపింది, నేర్పినట్టే తాడు విసిరింది. ముడి కూడా సరిగ్గా వేసింది. పడవ అడుగున ఎలిఫాస్ సిలిండరు పడి ఉంది. దాని పక్కన వాడు కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కలు, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

"ఎలిఫాస్ ఏడి?" అన్నాను.

ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. మాట మాత్రం తడబడలేదు. "మేమిద్దరము పైకి వచ్చితిమి. లంగరు పగడములలో చిక్కుకొనినది. సిలిండరులో గాలి అయిపోయినది. ఒక్క ఊపిరి చాలునని చెప్పి, అన్నియు విప్పి, ఆయన మరల దిగిరి. లంగరు ఊడినది, పడవ కదిలినది. అప్పుడే వాన వచ్చినది. ఆయన పైకి రాలేదు. ఆయన దిగిన చోటునే చూచుచుంటిని. చాలాసేపు చూచితిని."

"తర్వాత?"

"తరువాత నా వెనుక నుండి పిలుపు వచ్చినది. దూరము నుండి. రెనాటా, రెనాటా అని. ఆయన గొంతే. ఆయన చెప్పినట్లే వెనుక నుండి వచ్చినది." నా రెండు చేతులూ పట్టుకుంది. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. "నేను పలకలేదు. తిరిగి చూడలేదు. నేను నియమము తప్పలేదు, యాకొమినా గారూ."

గాలి పడవని ఒకవైపు, నీళ్ళు వాణ్ణి ఇంకోవైపు తీసుకుపోతే పిలుపు వెనక నుంచి రాక ఎటు నుంచి వస్తుంది? మా ఊళ్ళో చంటి పిల్లకైనా తెలుస్తుంది. ప్రాగ్‌లో అయితే ఆవిడా ఇట్టే తిరిగి చూసేది. అక్కడ ఆవిడకి దెయ్యాలు లేవు. మా దగ్గరికి వచ్చింది కనక, మమ్మల్ని కించపరచకూడదని, మా కోసం నమ్మింది. ఆ గౌరవాన్ని ఏ మాటతో తిట్టాలో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ నీళ్ళని అమ్ముకున్న నా తమ్ముణ్ణి కూడా ఏమని తిట్టాలో తెలియదు.

మెల్కీ బాబాయ్ నన్ను పక్కకి తోసి ఆవిడ ముందు నిలబడ్డాడు. "అమ్మా, సరిగ్గా గుర్తు తెచ్చుకో. నీ పేరు తర్వాత ఇంకేమన్నా వినపడిందా?"

"వినపడినది. ఇంజను వేసిన పిమ్మట కూడా వినపడినది. కానీ అది నా పేరు కాదు. వేరొక పేరు. దానిని నేను ఎరుగను."

బాబాయ్ ఇంకో అడుగు ముందుకి వేశాడు. "ఏం పేరు?"

"దోర్తియా" అంది రెనాటా. "దోర్తియా, దోర్తియా అని. నల్లముక్కు దాటువరకు వినపడుతూనే ఉన్నది."

వరండాలో రాయి చప్పుడు ఆగిపోయింది.

మా ఇంటికీ రేవుకీ మధ్య గోడలేం లేవు. అమ్మ ఒళ్ళోంచి కెనారి కాయలు జారి మెట్ల మీద దొర్లాయి. లేచి నిలబడింది.

"ఆఁ" అంది అమ్మ.

రెనాటా అటు చూసింది, నా వైపు చూసింది. "దోర్తియా ఎవరు?" అని అడిగింది. వచ్చిన దగ్గర్నుంచి అమ్మ చేతి తిండే తింది. అమ్మ పక్కనే కూర్చుంది. వలలు, ఈలలు, పచ్చళ్ళు, పాటలు, అన్నీ అడిగింది. ఇది అడగలేదు. నేను అమ్మ వైపు చెయ్యి చూపించాను. ఆవిడ తడి చెక్కల మీద కూలబడిపోయింది. నేను లేవదీయలేదు.

ఊళ్ళో మగవాళ్ళంతా చర్చి బట్టలతోనే పడవలు నెట్టారు. తెల్ల చొక్కాలు నడుం దాకా తడిసిపోయాయి. వాన కడిగిన సముద్రం తేటగా, ఏమీ ఎరగనట్టు ఉంది. పాటు బాగా లాగుతోంది, కొబ్బరి మట్టలు నల్లముక్కు వైపు పరుగు పెడుతున్నాయి. అమ్మ మెట్లు దిగి, నడుముకి చుట్టుకున్న పూల లుంగీ ఎత్తుకోకుండానే నీళ్ళలోకి నడిచింది. నేను వెళ్ళి భుజాలు పట్టుకున్నాను. నన్ను విదిలించలేదు, నేనున్నట్టు కూడా లేదు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పొద్దున మింగేసిన మాట బయటికి తీసింది.

"ఆఁ, ఉన్నాన్రా, పైకి రా!"

సాయంత్రం దాకా నల్లముక్కు అవతల నుంచి తెడ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రెండేసి దెబ్బలు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ రెండేసి దెబ్బలు. ఎవరి బిడ్డవు, ఎవరి బిడ్డవు. అటు నుంచి ఏ పేరూ రాలేదు. చీకటి పడే వేళకి పడవలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. తెడ్లు లోపల పెట్టి, అమ్మ నిలబడిన చోటుని చుట్టుతిరిగి ఒడ్డుకి చేరాయి. అమ్మకి గొంతు పోయింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, చప్పుడు లేకుండా, ఇంకా పలుకుతూనే ఉంది.